సెంటీమీటర్ల కూలి



కేసముద్రం స్టేషన్‌లో రైలు దిగి లోపలికి వెళితే ఇనుగుర్తి వస్తుంది. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. వందేళ్ల కింద మాత్రం నైజాం రాజ్యంలో ఒక మారుమూల ఊరు. సర్కారు కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచే రోజులవి. అలాంటి ఊళ్లో 1922 ఆగస్టు 27న ఒక తెలుగు వారపత్రిక అచ్చయి బయటికొచ్చింది. దాని పేరు ‘తెనుగు’. నడిపినవారు ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు. అన్నదమ్ములిద్దరే రాసేవారు, ముద్రించేవారు, చందాదారులకు పంపేవారు. అదే ఏడాది నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ తెచ్చారు. హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ మొదలవటానికి అప్పటికింకా నాలుగేళ్లు ఉంది.

ఆ అన్నదమ్ములకు ఎవరూ జర్నలిజం పాఠాలు చెప్పలేదు. పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నారు. అయితే ఒక్క సంగతి మరిచిపోకూడదు. అచ్చుయంత్రం వాళ్లింట్లోనే ఉంది. ఎవరి జీతానికీ ఎదురుచూడాల్సిన పని లేకపోయింది.

మహబూబాబాద్ ప్రాంతానికి చెందినవాడే షోయబుల్లాఖాన్ కూడా. 1920లో పుట్టాడు. నైజాం సంస్థానం భారతదేశంలో కలవాలని ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రికలో నిర్భయంగా రాశాడు. 1948 ఆగస్టు 22న హైదరాబాదులో నడివీధిలో ఆయన్ను కాల్చి, చేతులు నరికి చంపారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడేళ్లు.

ఇలాంటి నేల మీద ఇవాళ గూడూరు పక్క తండాలో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి విలేకరి కావాలనుకుంటే ఏ దారిన వెళ్లాలి? ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

తెలుగులో పత్రికా వృత్తి తలుపులు ఒకేసారి బార్లా తెరుచుకున్న సందర్భం ఒకటుంది. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు తెచ్చింది. పాలన పల్లెకు దగ్గరగా జరిగింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1989లో, ‘ఈనాడు’ జిల్లాకొక చిన్న అనుబంధం మొదలుపెట్టింది. జనం దాన్ని ముద్దుగా మినీ అన్నారు. రోజూ అన్ని పేజీలు నింపాలంటే జిల్లా కేంద్రంలో కూర్చున్న ఒక్క విలేకరి సరిపోడు. అందుకే మండలానికొకరు కావలసివచ్చారు. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. రాబిన్ జెఫ్రీ అనే పండితుడు భారతీయ భాషాపత్రికల మీద 2000లో తెచ్చిన పుస్తకంలో ఈ జిల్లా పేజీల ప్రయోగాన్ని ప్రత్యేకంగా చర్చించాడు. ఊళ్లో బోరింగు చెడిపోతే అది పేపర్లో వార్త కావటం అంతకుముందు ఎవరూ ఎరగని సంగతి.

అట్లా వచ్చినవాళ్లే కంట్రిబ్యూటర్లు. వాళ్లలో ప్రైవేటు స్కూలు సారు ఉంటాడు, మెడికల్ షాపు యజమాని ఉంటాడు, ఎల్ఐసీ ఏజెంటు ఉంటాడు, ఫొటో స్టూడియో నడుపుకునే కుర్రాడుంటాడు. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాక ఈ అవసరం ఇంకా పెరిగింది. కొత్త కలెక్టరేట్లు వచ్చాయి, కొత్త ఎస్పీ ఆఫీసులు వచ్చాయి. అప్పటిదాకా వరంగల్ స్టాఫ్ రిపోర్టర్ చూసుకున్న వార్తలకు ఇప్పుడు మూడు చోట్లా మనుషులు కావాలి. అంటే ఈ జిల్లాల్లో విలేకరి పనికి కొరత లేదు. ప్రవేశమూ కష్టమేం కాదు. తెలిసినవాళ్లు ఒక మాట చెబితే చాలు, మెడలో ఐడీ కార్డు పడుతుంది.

కార్డు పడ్డాకే అసలు కథ.

కంట్రిబ్యూటర్‌కు నెల జీతం ఉండదు. లైన్ అకౌంట్ ఉంటుంది. నెలాఖరున తన వార్తలు ఎన్ని సెంటీమీటర్లు అచ్చయ్యాయో లెక్కకట్టి, సెంటీమీటరుకు ఇంత అని ఇస్తారు. రెండు రోజులు తిరిగి, పహాణీలు చూసి, పది మందితో మాట్లాడి రాసిన వార్తను డెస్కులో కత్తిరించి నాలుగు లైన్లు చేస్తే, ఆ నాలుగు లైన్లకే కూలి. పెట్రోలు చేతి నుంచే, ఫోన్ రీచార్జీ చేతి నుంచే. పత్తి ఏరితే కిలోకు ఇంత అన్నట్టే ఇదీ. కాకపోతే పత్తి కూలికి ఏ పూట కూలి ఆ పూటే లెక్క తేలుతుంది.

దీనికి తోడు యాడ్స్. ఉగాదికి, దసరాకు, ఆగస్టు 15కు, పేపరు వార్షికోత్సవానికి మండలం నుంచి ఇన్ని వేల రూపాయల ప్రకటనలు రావాలని టార్గెట్లు ఉంటాయి. సర్పంచి దగ్గరికీ, రైస్ మిల్లు యజమాని దగ్గరికీ, ప్రైవేటు బడి కరస్పాండెంటు దగ్గరికీ వెళ్లి అడగాలి. మర్నాడు అదే సర్పంచి మీద ఉపాధి హామీ బిల్లుల వార్త రాయాలి. రాయగలడా? రాసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ వ్యవస్థను దండాల మీద నడపలేం.

మండల విలేకరులు డబ్బులు అడుగుతారని జనం చాటుగా అంటుంటారు. ఆ మాటలో నిజం లేదనటం కష్టం. జీతం లేని చోట నీతి పాఠాలు మాత్రమే చెబితే జరిగేది అదే. శిక్షణ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఈ లెక్క దగ్గర ఆగకుండా దాటిపోతారు. పత్రికా వృత్తి అందరికీ అందటం లేదంటే అడ్డుపడుతున్నది తరగతి గది ఒక్కటే కాదు. మొదటి రెండేళ్లు ఇంట్లోవాళ్లు పోషించగలిగినవాడే ఈ పనిలో నిలబడతాడు. షాపున్నవాడు, పదెకరాల పొలమున్నవాడు, సర్కారు జీతమొచ్చే భార్యో అన్నో ఉన్నవాడు నిలబడతాడు. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంటి పిల్ల నిలబడలేదు.

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం జర్నలిస్టు అంటే ఎవరో చెప్పింది. పత్రికా రచనే ప్రధాన వృత్తిగా ఉన్నవాడట. లైన్ అకౌంట్ మీద బతకలేక చిట్టీలు నడుపుకునే మనిషికి ఏది ప్రధాన వృత్తి? వేతన సంఘాలు వచ్చాయి, వాటిలో మజీఠియా సంఘం సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. మండలాల దాకా ఆ తీర్పు నడిచిరాలేదు.

ఇక శిక్షణ సంగతి. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది, దేశంలో పాతవాటిలో అదొకటి. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో నేర్పింది. తెలుగు విశ్వవిద్యాలయం నేర్పింది. ఢిల్లీలోని ఐఐఎంసీ అనే జర్నలిజం సంస్థ 1965 నుంచి ఉంది. దానికి ఒడిశాలో ఢెంకనాల్, మిజోరంలో ఐజ్వాల్, మహారాష్ట్రలో అమరావతి, కేరళలో కొట్టాయం, ఇంకా జమ్మూలో ప్రాంగణాలున్నాయి. ఒడియాలో, మరాఠీలో, మలయాళంలో కోర్సులు పెట్టారు. తెలుగు రాష్ట్రాల్లో ఒక్క ప్రాంగణమూ లేదు. చెన్నైలోని ఏషియన్ జర్నలిజం కాలేజీ మంచి పేరున్న చోటే, కానీ పాఠాలు ఇంగ్లిషులో, ఫీజు లక్షల్లో. దళిత, ఆదివాసీ విద్యార్థులకు అక్కడ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయన్న మాట భూపాలపల్లి డిగ్రీ కాలేజీ పిల్లల్లో ఎంతమంది చెవిన పడుతుందో.

వీటన్నిటికంటే తెలుగు పిల్లలకు ఎక్కువ అక్కరకొచ్చినవి పత్రికల సొంత స్కూళ్లు. ఈనాడు జర్నలిజం స్కూలు మొదటిది. తర్వాత మిగతా పెద్ద పత్రికలూ పెట్టాయి. పేపర్లో ప్రకటన వస్తుంది, తెలుగులో రాతపరీక్ష, ఇంగ్లిషు నుంచి అనువాదం, వర్తమాన విషయాలు, తర్వాత ఇంటర్వ్యూ. ఎంపికైతే ఫీజు కట్టనక్కర్లేదు సరికదా, నేర్చుకునే రోజుల్లో నెలనెలా భృతి ఇస్తారు. భాషా పండితుడు బూదరాజు రాధాకృష్ణ ఏళ్ల తరబడి ప్రిన్సిపాల్‌గా ఉండి, వాక్యం ఎట్లా తేటగా రాయాలో అక్కడ నేర్పారు. రైతుబిడ్డలు, చేనేత కార్మికుల పిల్లలు అక్కడి నుంచి డెస్కుల్లో సబ్ ఎడిటర్లయ్యారు. సిఫార్సు లేదు, ఫీజు లేదు, పైగా చేతిలో నాలుగు డబ్బులు. ఈ పద్ధతిలో కిటుకంతా ఆ భృతిలోనే ఉంది.

దాని హద్దూ అక్కడే ఉంది. అది పత్రికకు కావలసిన పదుల మందిని తయారుచేసుకునే ఏర్పాటు, అదీ ఎక్కువగా డెస్కు కోసం. మండలంలో తిరిగే విలేకరికి అందులో చోటు తక్కువ. వాళ్లకు మిగిలింది మీడియా అకాడమీ అప్పుడప్పుడు పెట్టే శిక్షణ తరగతులు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీగా 1996లో మొదలైన సంస్థ ఇది. తెలంగాణ వచ్చాక జిల్లాల్లో తరగతులు పెట్టింది, దళిత విలేకరులకు, మహిళా విలేకరులకు విడిగానూ పెట్టింది. మంచిపనే. కాకపోతే రెండు రోజుల్లో ఉపన్యాసాలు, భోజనం, సర్టిఫికెట్ అయిపోతాయి. మర్నాడు మళ్లీ అదే స్కేలు, అవే సెంటీమీటర్లు.

ఎవరు రాస్తున్నారన్నది ఎందుకింత పట్టించుకోవాలి? 1996లో ఢిల్లీలో జరిగిన సంగతి ఒకటుంది. వాషింగ్టన్ పోస్ట్ విలేకరి, నల్లజాతి అమెరికన్ అయిన కెనెత్ కూపర్ ఏదో విషయం మీద ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలనుకుని సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ను అడిగాడు. ముప్ఫై ఏళ్ల అనుభవమున్న ఉనియాల్‌కు ఒక్క పేరూ తట్టలేదు. ప్రభుత్వ గుర్తింపు పొందిన విలేకరుల జాబితా తిరగేశాడు, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఒక్కరూ దొరకలేదు. ఆ వెతుకులాటనే వ్యాసంగా ‘పయనీర్’లో రాశాడు. పదేళ్ల తర్వాత, 2006లో, యోగేంద్ర యాదవ్ బృందం ఢిల్లీలో నిర్ణయాలు తీసుకునే 315 మంది సీనియర్ జర్నలిస్టులను లెక్కించింది. దళితులు సున్నా, ఆదివాసీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చూస్తే 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. దళిత, ఆదివాసీలు అప్పుడూ లేరు.

ఇది ఢిల్లీ లెక్క. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతు కంటే ఎక్కువమంది గిరిజనులు. లంబాడీలు, కోయలు. తండాల్లో ఇళ్లలో మాట్లాడేది గోర్‌బోలి. తండాల మీద వార్తలు ఎక్కువగా మూడు రకాలే వస్తాయి. గుడుంబా పట్టివేత, తీజ్ పండుగ, ఎన్నికల ముందు నాయకుల పర్యటన. ఆ ఇళ్లలో పుట్టిన మనిషి రాస్తే నాలుగో రకం వార్త వస్తుంది. హాస్టల్లో పిల్ల జ్వరం ఎందుకు దాచిపెట్టిందో, పోడు పట్టా మొగుడి పేరు మీద ఎందుకొచ్చిందో ఆ మనిషికే ముందు తెలుస్తుంది.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలా? జిల్లా ప్రెస్‌మీట్లలో ముందు వరుసలో ఒక్క మహిళా విలేకరి కనిపిస్తే గొప్పే. రాత్రి యాక్సిడెంటు జరిగితే బైకు మీద వెళ్లాలి, పోలీసుస్టేషన్‌లో కూర్చోవాలి. ఇంట్లోవాళ్లు పంపరు. పంపినా ఆ నెల వచ్చే లైన్ అకౌంట్ డబ్బులు చూసి, దీనికోసమా అంటారు. ఆ ‘దీనికోసమా’ అన్న ప్రశ్నకు జవాబు దొరికితే, పంపమన్న మాట పట్టు చాలా వరకు సడలుతుంది.

భాష ఒక కంచెగా ఉండేది, అది కొంత కూలింది. ఏ యాస మాట్లాడితే నవ్వుతారని తెలంగాణ పిల్లలు ఇంటర్వ్యూల్లో నోరు మెదపలేకపోయారో, ఆ యాసలోనే వీ6 ఛానెల్ ‘తీన్మార్ వార్తలు’ నడిపింది. బిత్తిరి సత్తి, సావిత్రి ఇంటింటి మనుషులయ్యారు. జనగామ జిల్లా పాలకుర్తిలో జనం భాష మాటెత్తితే పెద్దలకు వెంటనే సోమనాథుడు గుర్తుకొస్తాడు. సంస్కృత వృత్తాలను పక్కనపెట్టి జనం నోట నడిచే ద్విపదను ఎత్తుకున్న కవి ఆ ఊరివాడే మరి. కాకపోతే యాసకు స్టూడియోలో చోటు దొరికింది కానీ, డెస్కులో వార్త మాత్రం ఇంకా పాత తెలుగులోకే మారుతుంది.

తలుపు ఇంకో వైపు నుంచి కూడా తెరుచుకుంటుందని చూపిన ఊరు ఒకటి తెలంగాణలోనే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు అక్కడ రేడియో నడుపుతారు. యునెస్కో సాయంతో తొంభైల చివరలోనే స్టూడియో కట్టుకున్నారు. ప్రసారానికి సర్కారు అనుమతి రాలేదు. అయినా ఆగలేదు, కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లను ఊళ్లలో సంఘం మీటింగుల్లో వినిపించారు. 2006లో నిబంధనలు మారాయి. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. నర్సమ్మ అనే పేరుగల ఇద్దరు స్త్రీలు దాన్ని నడిపించారు. విత్తనాలు, పంటలు, పాటలు, మందు ఆకులు, అన్నీ అక్కడి మాటలోనే. కమ్యూనిటీ రేడియోలో సొంతంగా వార్తలు చదవటానికి ప్రభుత్వం ఒప్పుకోదన్నది వేరే విడ్డూరం.

అదే సంస్థలోని స్త్రీలు కెమెరా పట్టారు. వాళ్లలో చదువు రానివాళ్లు ఎక్కువ. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన ఏడాది వాళ్లు ఉమ్మడి వరంగల్ జిల్లాకు వచ్చి, చేలగట్ల మీద రైతుల పక్కన కూర్చుని, విత్తనం పెట్టినప్పటి నుంచి లెక్క తేలేదాకా పంట కాలమంతా చిత్రించారు. పెట్టుబడి ఎంత, దిగుబడి ఎంత, చేతికి మిగిలిందెంత అని రైతునే అడిగారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపమెందుకని అడిగే ఆ చిత్రం దేశాలు తిరిగింది. వార్తను ఒక పంట కాలం పాటు వెంబడించటం ఏ జర్నలిజం స్కూల్లోనైనా పాఠంగా చెప్పదగ్గ పద్ధతి. సెంటీమీటర్ల లెక్కలో అది కుదరని పని.

చిత్తూరు జిల్లాలో 2001లో పొదుపు సంఘాల స్త్రీలు ‘నవోదయం’ పత్రిక తెచ్చారు. ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో మొదలైన ‘ఖబర్ లహరియా’ను దళిత స్త్రీలు ముందుండి నడిపారు. వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లో 2010లో ‘సీజీనెట్ స్వర’ వచ్చింది. ఫోన్ చేసి తన ఊరి సంగతి తన భాషలో రికార్డు చేస్తే చాలు, గోండు మాటైనా సరే. కోయ ఇళ్లున్న పలిమెల, మహాముత్తారం అడవి పల్లెలకు అది పనికొచ్చే నమూనా. వీటన్నిటిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటే. మనిషిని శిక్షణ దగ్గరికి రప్పించలేదు, శిక్షణే మనిషి దగ్గరికి నడిచింది.

మరి ఈ మూడు జిల్లాల్లో ఏం నేర్పాలి? మేడిగడ్డ బరాజ్‌నే తీసుకుందాం. అది భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్ మండలంలో ఉంది. 2023 అక్టోబరు 21 సాయంత్రం బరాజ్ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. దేశమంతా ఆ ఊరి పేరు మోగింది. ఆ చీకట్లో మొదట అక్కడికి పరుగెత్తినవాళ్లు స్థానిక విలేకరులే. రెండు వారాల్లోపే నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ నివేదిక వచ్చింది, తర్వాత కాగ్ నివేదిక, ఆపైన కమిషన్. ఆ కాగితాలు చదివి విడమర్చి చెప్పే పని మాత్రం హైదరాబాదుకు పోయింది. బరాజ్ పక్కనే ఉండే విలేకరికి ర్యాఫ్ట్ అంటే ఏమిటో, ఇసుక మీద పునాది ఎట్లా నిలుస్తుందో చెప్పినవాళ్లెవరు? సింగరేణి ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగుతో గోడలు పగిలే ఊళ్లలో పర్యావరణ అనుమతి పత్రాన్ని ఎక్కడ వెతకాలో నేర్పాలి. మహబూబాబాద్‌లో 2006 నాటి అటవీ హక్కుల చట్టం, జనగామలో భూరికార్డులు, అన్నిచోట్లా సమాచార హక్కు కింద దరఖాస్తు రాయటం నేర్పాలి. ముఖ్యమైన సంగతి ముందు రాసే ఇన్వర్టెడ్ పిరమిడ్ పద్ధతి గురించి ఆ తర్వాత చెప్పుకోవచ్చు.

డబ్బు ఎక్కడిదని అడగొచ్చు. బ్రిటన్‌లో ఇదే గొడవ ఉంది. అక్కడి పేరున్న జర్నలిస్టుల్లో సగానికి పైగా ఖరీదైన ప్రైవేటు బడుల్లో చదివినవాళ్లేనని 2006లో సటన్ ట్రస్ట్ తేల్చింది. అంతకు ఒక ఏడాది ముందే ఎన్‌సీటీజే అనే శిక్షణ మండలి పేద ఇళ్ల పిల్లల ఫీజుకూ బతుకు ఖర్చుకూ ఒక నిధి పెట్టింది. మన దగ్గర అంతదూరం చూడనక్కర్లేదు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ స్టడీ సర్కిళ్లు ఉన్నాయి. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు, బ్యాంకు పరీక్షలకు ఉచితంగా కోచింగ్ ఇస్తాయి. ఏటూరునాగారం ఐటీడీఏ అడవి పల్లెల యువతకు రకరకాల పనుల్లో తర్ఫీదు ఇప్పిస్తుంది. ఆ జాబితాలో డ్రైవింగు ఉంటుంది, కుట్టుపని ఉంటుంది. విలేకరి పని చేర్చటానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఆరు నెలల కోర్సు, నెలనెలా భృతి, ఒక ఫోను, ఆ తర్వాత ఏడాది పాటు కనీస వేతనం ఇస్తామని ఒప్పుకునే పత్రికలకే ప్రభుత్వ ప్రకటనల్లో కొంత మొగ్గు. చివరిదానికి యాజమాన్యాలు అంత తేలిగ్గా ఒప్పుకోవు, ఆ పేచీ ముందే ఊహించుకోవాలి.

ఆకాశవాణి దాకా వస్తే, జిల్లాకొక పార్ట్‌టైమ్ కరస్పాండెంట్‌ను తీసుకునే పద్ధతి ఉంది. ప్రకటనలో అడిగే అర్హతలు ఇలా ఉంటాయి. జర్నలిజంలో డిగ్రీయో పీజీ డిప్లొమానో ఉండాలి, లేదా మామూలు డిగ్రీతో పాటు రెండేళ్ల అనుభవం ఉండాలి. జిల్లా కేంద్రంలోనో, దానికి పది కిలోమీటర్ల లోపునో కాపురం ఉండాలి. గూడూరు తండా అమ్మాయికి ఇల్లు దూరమైంది, జర్నలిజం డిగ్రీ లేదు. మిగిలింది అనుభవం. ఏదైనా పత్రికకు రెండేళ్లు కంట్రిబ్యూటర్‌గా రాసిందే అనుకుందాం. ఆ రెండేళ్లకు రుజువేది? అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వరు, జీతం స్లిప్పు ఉండదు, వార్త మీద చాలాసార్లు పేరు కూడా ఉండదు, ‘న్యూస్‌టుడే’ అనో ‘ప్రతినిధి’ అనో ఉంటుంది. మండలంలో రాసే ప్రతి మనిషికీ చేరిన తేదీతో, సంతకంతో ఒక కాగితం ఇవ్వాలని ఆ యాజమాన్యాలను ఎవరైనా అడగటం ముందు మొదలవ్వాలి.